తప్పు చీర పంపింది వాళ్లు, తిప్పి పంపే ఖర్చు మీదెలా అవుతుంది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. మా అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి మంగళగిరి చీర పెడదామని, ఇన్‌స్టాగ్రామ్‌లో హైదరాబాదు వాళ్ల పేజీ ఒకటి చూసి, వాట్సాప్‌లో మాట్లాడి ఆర్డర్ పెట్టాను. చిలకపచ్చ రంగు, నిజాం బోర్డర్, చేనేత కాటన్. చీర 2,350, కొరియర్ 90, మొత్తం 2,440 రూపాయలు యూపీఐలో కట్టాను. వారం తర్వాత పార్సిల్ వచ్చింది. విప్పితే లోపల వంగపండు రంగు సింథటిక్ చీర, ప్రింటు బోర్డర్. వెంటనే ఫొటోలు తీసి పంపాను. "సారీ అక్కా, ప్యాకింగ్‌లో మారిపోయింది" అన్నారు. పోనీలే, ఒప్పుకున్నారు కదా అనుకున్నాను. మర్నాడు మాట మారింది. "మీరే కొరియర్ చేయండి, ఛార్జీ మీదే, మాకు చేరాక చెక్ చేసి మీ చీర పంపుతాం" అన్నారు. ఇక్కడ కొరియర్ ఆఫీసులో అడిగితే 140 అన్నారు. నేనెందుకు కట్టాలని అడిగితే "రిటర్న్ షిప్పింగ్ కస్టమర్‌దే అని పేజీలో రాసే ఉంది. పైగా మీ దగ్గర అన్‌బాక్సింగ్ వీడియో కూడా లేదు" అంటున్నారు. పార్సిల్ వచ్చి ఇవాళ్టికి 18 రోజులు. మా వారు "నూట నలభై కోసం ఎందుకింత టెన్షన్, పంపి పడేయ్" అంటున్నారు. లండన్‌లో ఉండే మా చెల్లెలేమో "ఇక్కడైతే అమ్మినవాళ్లే కట్టాలి, చట్టంలోనే ఉంది" అంటోంది. మన దగ్గర అలాంటిదేమీ లేదా? పుట్టినరోజు దగ్గరపడుతోంది. పోనీ ఈ చీరకే ఫాల్ కుట్టించి అమ్మకి ఇచ్చేయనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. ఫాల్ కుట్టించకండి. జాకెట్టు ముక్క కత్తిరించకండి, నీళ్లలో పెట్టకండి, ఒక్కసారి కట్టుకుని చూద్దామని కూడా అనుకోకండి. ఇప్పటిదాకా న్యాయం పూర్తిగా మీ వైపే ఉంది. ఆ చీరకి సూది తగిలిందంటే మాత్రం అటువాళ్లకి ఒక మాట దొరుకుతుంది.

ఎందుకో చెప్తాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఒకటుంది, వకీళ్లు సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ అంటారు. కొన్నవాళ్లు సరుకుని ఒప్పుకున్నట్టు ఎప్పుడు లెక్క అనేది అందులో 42వ సెక్షన్ చెబుతుంది. ఒప్పుకున్నానని చెప్పడం ఒకటి. సరుకు ఇంకా అమ్మినవాళ్లదే అయితే చేయకూడని పని దాంతో చేయడం రెండోది. వద్దని చెప్పకుండా ఎక్కువకాలం దగ్గర ఉంచుకోవడం మూడోది. ఫాల్ కుట్టించడం ఈ రెండో దాని కిందికి వస్తుంది. మీరు పార్సిల్ విప్పినప్పుడే ఫొటోలతో సహా చెప్పేశారు కాబట్టి మూడోది మీ జోలికి రాదు. ఆ ఒక్క పని మీరు చాలా బాగా చేశారు. చాలామంది "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేస్తారు, పదిహేను రోజుల తర్వాత గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతి. తిప్పి పంపే ఖర్చు మీది కాదు. ఇంకా చెప్పాలంటే, ఆ చీరని తిప్పి పంపే పనే మీది కాదు.

ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. అదే 1930 చట్టంలో 43వ సెక్షన్ తీసి చూడండి. సరుకు ఇంటికి వచ్చింది, దాన్ని వద్దనే హక్కు కొన్నవాళ్లకుంది, వద్దన్నారు. అలాంటప్పుడు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ సరుకుని తిరిగి అమ్మినవాళ్లకి చేర్చే బాధ్యత కొన్నవాళ్లది కాదు. "నేను దీన్ని తీసుకోవడం లేదు" అని తెలియజేస్తే చాలు. చట్టం అంతవరకే అడుగుతోంది. తొంభై ఏళ్లు దాటిన చట్టం. ఇన్‌స్టాగ్రామ్, యూపీఐ మాట దేవుడెరుగు, ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లే అరుదైన రోజుల్లో రాసింది. అయినా మీ చీరకి అతికినట్టు సరిపోతుంది.

మరి మీకు వద్దనే హక్కు ఉందా? ఉంది. 15వ సెక్షన్ ప్రకారం, ఫలానా రకం అని వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకి తగ్గట్టు ఉండి తీరాలి. చిలకపచ్చ, నిజాం బోర్డర్, చేనేత కాటన్ అని వాళ్లు చెప్పారు, మీరు అది నమ్మి డబ్బు కట్టారు. వచ్చింది సింథటిక్. ఇక్కడ రంగు ఒక్కటే తేడా అయితే "ఫోన్ స్క్రీన్ మీద అలా కనిపించిందేమో" అని వాదించడానికి కాస్త చోటుండేది. నూలు చీర సింథటిక్ అయిపోయాక వాదించడానికి ఏముంటుంది? అందులోనూ "ప్యాకింగ్‌లో మారిపోయింది" అని వాళ్లే రాశారు. ఆ ఒక్క మెసేజ్ మీ దగ్గరున్న అన్ని కాగితాల కంటే విలువైనది. ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి వేరే చోట దాచండి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే తీసేయండి.

ఇప్పుడు వాళ్ల మొదటి వాదన, "పేజీలో రాసే ఉంది" అన్నది. 43వ సెక్షన్‌లో "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాట ఉందని పైన చెప్పాను కదా, వాళ్లు పట్టుకుంటే దాన్నే పట్టుకోవాలి. మీరు డబ్బు కట్టకముందు ఆ షరతు మీకు చెప్పారా? వాట్సాప్‌లో పంపారా? పేజీలో పిన్ చేసి పెట్టారా, లేక ఎక్కడో పాత పోస్టు కింద చివరి వరుసలో ఉందా? ఒప్పందం అంటే ఇద్దరికీ తెలిసి కుదిరినది. గొడవ వచ్చాక వెతికి చూపించేదాన్ని ఒప్పందం అనలేం.

ఒకవేళ మీరు ఆ వాక్యం ముందే చదివారనుకుందాం. అప్పుడైనా అది మీ విషయానికి వర్తించదనే నేను అంటాను. "రిటర్న్ షిప్పింగ్ కస్టమర్‌దే" అంటే మామూలుగా ఎవరైనా ఏమనుకుంటారు? చీర నచ్చలేదు, ఇంట్లో వద్దన్నారు, అదే రంగు బీరువాలో ఇంకోటి ఉందని తర్వాత గుర్తొచ్చింది, అలాంటప్పుడు పంపే ఖర్చు మనది అని. అది న్యాయమే. వాళ్లు తమ పని సరిగ్గా చేశారు, మనసు మారింది మనకి. మీరు మనసు మార్చుకోలేదు. మీరు కోరిన చీర మీ ఇంటికి ఇంకా రానే లేదు. ఇందాకటి నుంచి వాళ్లూ మీరూ కూడా "రిటర్న్", "రిటర్న్" అంటున్నారు కానీ, నన్నడిగితే ఇక్కడ ఆ మాటే సరికాదు. వాళ్ల సరుకు పొరపాటున మీ గుమ్మంలో పడింది, దాన్ని వాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. మీ సరుకు మీకు ఇంకా బాకీ ఉన్నారు. ఈ సంగతిని ఇలా చూస్తే 140 ఎవరిదన్న ప్రశ్నే మిగలదు.

పాత రోజుల్లో పుస్తకాలు వి.పి.పి.లో తెప్పించుకున్నవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ కట్ట తెచ్చేవాడు, డబ్బు కడితేనే చేతికిచ్చేవాడు. వద్దంటే కట్ట పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోయేది. ముందే కట్టిన తపాలా ఖర్చు పంపినవాళ్లకే పోయేది. దూరాన ఉన్న మనిషికి సరుకు అమ్మే వ్యాపారంలో ఆ నష్టం ఎప్పుడూ ఒక భాగమే. ఇప్పుడు డబ్బు ముందే చేతిలో పడుతోంది కాబట్టి, ఆ నష్టాన్ని నెమ్మదిగా కొన్నవాళ్ల వైపు తోసేయడం అలవాటైంది.

కొత్త చట్టాల సంగతికి వద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటించినట్టుగా లేదా ఒప్పుకున్నట్టుగా లేకపోయినా, అమ్మినవాళ్లు దాన్ని వాపసు తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగివ్వడానికి గానీ నిరాకరించకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. ఇతరుల సరుకు అమ్మిపెట్టే పెద్ద సైట్లలోని అమ్మకందార్లకీ, తమ సరుకు తామే అమ్ముకునే సంస్థలకీ ఇద్దరికీ ఇదే మాట. మీది చిన్న ఇన్‌స్టాగ్రామ్ పేజీ కదా అని సందేహం వద్దు. ఎవరైనా తమ పాత చీర ఒకటి ఎప్పుడో ఒకసారి సొంతంగా అమ్ముకుంటే ఈ నియమాలు వర్తించవు. పేజీ పెట్టి, రోజూ స్టాక్ ఫొటోలు పెట్టి, క్రమం తప్పకుండా అమ్మేది వ్యాపారమే. అలాంటివాళ్లకి ఇవి వర్తిస్తాయి.

ఇక్కడ మీకు నిజం నిజంలా చెప్పాలి. "తప్పు వస్తువు వస్తే వాపసు తపాలా ఖర్చు అమ్మినవాళ్లదే" అని ఆ నియమాల్లో అక్షరాలా ఒక వాక్యం లేదు. వాపసు, మార్పిడి షరతులతో పాటు తిప్పి పంపే ఖర్చు సంగతి కూడా స్పష్టంగా తెలియజేయాలని మాత్రం ఉంది. ఈ ఖాళీలోంచే వాళ్లు "మేం తెలియజేశాం కదా" అంటారు. కానీ తెలియజేయడం వేరు, తమ పొరపాటు ఖర్చుని ఎదుటివాళ్ల నెత్తిన వేయడం వేరు. వాపసు తీసుకోవడానికి నిరాకరించకూడదన్న నియమం ఒక పక్క ఉండగా, "నూట నలభై కడితేనే తీసుకుంటాం" అనడం నిరాకరణకి ఇంకో రూపమే. ఒప్పందం తప్పినవాళ్లు ఆ తప్పు వల్ల సహజంగా కలిగిన నష్టం పూడ్చాలని 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. వాళ్ల తప్పు వల్ల మీ జేబులోంచి పోయే కొరియర్ ఛార్జీ కంటే సహజమైన నష్టం ఏముంటుంది?

మీ చెల్లెలు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, సరుకు చెప్పినట్టు లేకపోతే మామూలుగా 30 రోజుల్లోగా వద్దనొచ్చు, తిప్పి పంపడానికయ్యే సమంజసమైన ఖర్చు వ్యాపారే భరించాలి. కొన్నవాళ్లు స్వయంగా షాపుకెళ్లి తెచ్చుకున్న సరుకైతే, మళ్లీ అక్కడికి మోసుకెళ్లే ఖర్చు ఒక్కటే మినహాయింపు. అక్కడ ఒకే చోట, ఒకే వాక్యంలో ఉన్నది మన దగ్గర మూడు చట్టాల్లో విడివిడిగా ఉంది. అంత స్పష్టమైన వాక్యం మనకీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే మీలాంటివాళ్లు ఖమ్మంలో కూర్చుని మూడు చట్టాలు తిరగేయలేరు. అయినా చేరే చోటు ఒకటే.

అన్‌బాక్సింగ్ వీడియో. దీని గురించి నాకు వచ్చే ఉత్తరాలు తక్కువేమీ కాదు. "వీడియో లేకపోతే కంప్లయింట్ తీసుకోం" అన్నది చట్టం అని జనం నిజంగానే నమ్ముతున్నారు. 2020 నియమాల్లో వీడియో ఉండాలని ఎక్కడా లేదు. వీడియో ఒక రుజువు, అంతే. ఉంటే మంచిది, ఇకముందు పార్సిల్ వస్తే ముందు అడ్రసు స్టిక్కర్ చూపించి, కత్తిరించడం దగ్గర్నుంచి ఒకే వీడియోగా తీయండి. కానీ అది లేదని హక్కు పోదు, మిగతా రుజువులతో నిరూపించుకోవచ్చు. మీ విషయంలోనైతే తప్పు సరుకు వెళ్లిందని వాళ్లే రాతపూర్వకంగా ఒప్పేసుకున్నారు. ఒప్పుకున్న సంగతికి మళ్లీ వీడియో ఎందుకు?

పార్సిల్ కవర్ ఇంకా ఉందా? ఉంటే దయచేసి పారేయకండి. ఇలాంటి పేజీల్లో చాలావాటికి అడ్రసు ఉండదు, ఫోన్ నంబర్ ఒక్కటే ఉంటుంది. ఆ స్టిక్కర్ మీద పంపినవాళ్ల పేరు, అడ్రసు ఉంటాయి, కొన్నిసార్లు బరువు కూడా ఉంటుంది. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరి మీద చేయాలో చెప్పేది అదే. యూపీఐ చెల్లింపులో కనిపించే పేరు, లావాదేవీ నంబరు కూడా దాచి పెట్టుకోండి.

ఇప్పుడు మీ వారి మాట. ఆయన మీ ప్రశాంతత కోసమే అంటున్నారని నాకు తెలుసు, ఆ మాటలో తప్పు పట్టను. నూట నలభై పెద్ద మొత్తం కాదు. కానీ ఆ నూట నలభై కట్టి పంపేస్తే గొడవ తీరిపోతుందనుకోవడం సరికాదు, అక్కడే కొత్త గొడవ మొదలవుతుంది. ఇది నా అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట మిక్సీ జార్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వేరే మోడల్ జార్ వచ్చింది. నేనూ ఇలాగే, పోనీ అని సొంత ఖర్చుతో కొరియర్ చేశాను. వాళ్లకి చేరాక "మూత రాలేదు, రీఫండ్ కుదరదు" అన్నారు. నేను మూతతో సహా ప్యాక్ చేశాను, కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది? రసీదు మీద బరువు రాయించుకోలేదు, ప్యాక్ చేసేటప్పుడు ఫొటో తీయలేదు. జార్ పోయింది, డబ్బు పోయింది, కొరియర్ ఖర్చు కూడా పోయింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను: సరుకు మీ చేతిలో ఉన్నంతసేపే మీ మాటకి బలం. డబ్బూ వాళ్ల దగ్గరే, సరుకూ వాళ్ల దగ్గరే అయితే మీ ఫోన్ ఎత్తాలన్న తొందర వాళ్లకి ఉండదు. "మాకు చేరాక చెక్ చేసి పంపుతాం" అన్న మాటలో "చెక్ చేసి" అన్నదే నన్ను కలవరపెడుతోంది.

అందుకని ముందు ఒక మెసేజ్ రాయండి. ఫోన్‌లో మాట్లాడొద్దు, రాతలోనే. కోపం వద్దు, బతిమాలడం వద్దు. ఇదిగో, తేదీలు మీరు వేసుకుని పంపండి:

"నమస్తే. నేను ఫలానా తేదీన చిలకపచ్చ రంగు, నిజాం బోర్డర్ మంగళగిరి చేనేత కాటన్ చీర ఆర్డర్ చేసి, కొరియర్‌తో కలిపి 2,440 రూపాయలు కట్టాను. ఫలానా తేదీన వచ్చిన పార్సిల్‌లో వంగపండు రంగు సింథటిక్ చీర ఉంది. అప్పుడే ఫొటోలు పంపాను, ప్యాకింగ్‌లో మారిందని మీరు ఒప్పుకున్నారు. ఇది నేను కొన్న చీర కాదు కాబట్టి తీసుకోవడం లేదు. వాడకుండా, కుట్టించకుండా మీకోసం భద్రంగా ఉంచాను. మీ ఖర్చుతో మనిషిని గానీ కొరియర్‌ని గానీ పంపి తీసుకెళ్లండి. లేదా ఛార్జీ 140 ముందుగా పంపితే నేనే కొరియర్ చేసి రసీదు పంపుతాను. ఏడు రోజుల్లో నా 2,440 రూపాయలు వాపసు ఇవ్వగలరు. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేస్తాను."

2,350 కాదు, 2,440 అడగమన్నది గమనించారా? మొదట కట్టిన 90 కూడా మీకు రావాలి. మీ చీర మీ ఇంటికి చేర్చడానికి తీసుకున్న డబ్బు అది, చీర చేరలేదు.

"ముందుగా 140 పంపండి" అన్న దారి ఎందుకు పెట్టానంటే, అవతల నిజంగానే ఒక చిన్న వ్యాపారి ఉండొచ్చు. ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదకొండుకి చీరలు ప్యాక్ చేసే అమ్మాయి అయి ఉండొచ్చు. ఒక కవర్‌లో పెట్టాల్సింది ఇంకో కవర్‌లో పెట్టడం మనిషన్నాక జరుగుతుంది, చీరకి మిగిలేది కూడా కొద్దిగానే ఉంటుంది. అందుకే మాట మర్యాదగా ఉండాలంటున్నాను. కానీ ఆ పొరపాటు ఖర్చు ఆ వ్యాపారానిదే. అమ్మినవాళ్లకి అది వంద పార్సిళ్ల లెక్కలో సర్దుకుపోయే ఖర్చు, కొన్నవాళ్లకి తాను చేయని తప్పుకి కట్టే జరిమానా. ఈ మాట మీరు వాళ్లకి మామూలుగా చెప్పినా అర్థం చేసుకునేవాళ్లు చేసుకుంటారు. పార్సిల్ ఆఫీసుల్లో ఛార్జీ అందుకునేవాళ్లు కట్టే "టు పే" పద్ధతి కూడా ఉంటుంది. వాళ్లు ఒప్పుకుంటే అదీ సరే.

వాళ్లు 140 పంపారంటే చీర ఎలా పంపాలో కూడా చెప్తాను, నా మూత సంగతి మీకు జరగకూడదు. చీర, అంచు, పొడవు కనబడేలా ఫొటోలు, ప్యాక్ చేస్తూ ఒక వీడియో. స్పీడ్ పోస్టులో పంపితే రసీదు మీద బరువు, ట్రాకింగ్ నంబరు రెండూ ఉంటాయి. ఆ రసీదు ఫొటో వెంటనే వాళ్లకి పంపండి.

ఏడు రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆర్డర్ వివరాలు, చెల్లింపు రుజువు, ఫొటోలు దగ్గర పెట్టుకుని చేయండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అమ్మినవాళ్లకి విషయం పంపి జవాబు అడుగుతారు. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు, అది మధ్యవర్తి మాత్రమే. అయినా ఫిర్యాదు నమోదైందని తెలిసిన తర్వాత దిగివచ్చే అమ్మకందార్లు ఉంటారు.

అదీ పని చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, మనం కన్స్యూమర్ కోర్టు అనేది. హైదరాబాదు తిరగాలేమో అన్న భయం మీకక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పుల్లో ఇదొకటి: కొన్నవాళ్లు ఎక్కడ ఉంటున్నారో, ఎక్కడ పని చేస్తున్నారో అక్కడే ఫిర్యాదు వేయొచ్చు. అంటే మీకు ఖమ్మంలోనే. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీరే వేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి వచ్చిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. చీర డబ్బుతో పాటు వడ్డీ, కలిగిన నష్టానికి పరిహారం, ఖర్చులు అడగొచ్చు. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది, వాస్తవంలో అంతకంటే ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోకండి. 2,440 రూపాయల కోసం అంతదూరం వెళ్లాలా అన్నది మీరే ఆలోచించుకోవాలి, వెళ్లకపోతే తప్పేమీ లేదు. నా అంచనా, మీ విషయం అక్కడిదాకా రాదు.

ఒక జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. ఈ రీఫండ్ గొడవల్లో ఉన్నవాళ్లనే మోసగాళ్లు వెతుక్కుంటారు. పేజీ కింద కామెంట్లలో మీరు ఫిర్యాదు రాస్తే, పది నిమిషాల్లో "మేం కస్టమర్ కేర్, రీఫండ్ వేస్తాం" అని ఫోన్ రావచ్చు. లింక్ నొక్కమంటారు, ఏదో యాప్ ఎక్కించుకోమంటారు, యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు మనకి రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, పిన్ కొడితే మన డబ్బు పోతుంది. పొరపాటున అలా పోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. 140 కోసం మొదలైన గొడవ అరవై వేలకి వెళ్లకూడదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. పెద్ద సైట్లలో కొన్న సరుకు మారిపోతే మామూలుగా వాళ్లే ఇంటికి వచ్చి తీసుకెళ్తారు. కొన్ని పిన్‌కోడ్‌లకి ఆ సౌకర్యం ఉండదు, మిమ్మల్నే పంపమంటారు. అప్పుడు "నచ్చలేదు" అన్న కారణం నొక్కకండి, "తప్పు వస్తువు వచ్చింది" అన్నదే నొక్కండి. తొందరలో నొక్కిన ఆ ఒక్క మాట వల్ల కొరియర్ ఖర్చు మీ మీద పడొచ్చు. కొరియర్ ఛార్జీ తిరిగి ఇస్తారా, ఎంత వరకు ఇస్తారు అన్నది పంపక ముందే చాట్‌లో రాయించుకోండి. సైజు మీరే తప్పు చెప్పినా, మనసు మారినా మాత్రం అమ్మినవాళ్ల షరతులే వర్తిస్తాయి. మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోళ్లకి "నచ్చకపోతే ఊరికే తిప్పి పంపే" హక్కు చట్టం ఇవ్వలేదు.

ఇక అమ్మగారి పుట్టినరోజు. మెసేజ్‌లో చీర మార్చి పంపమని కాకుండా డబ్బే అడగమన్నది అందుకే. ఇప్పుడు మళ్లీ వాళ్లు పంపే చీర కోసం ఎదురుచూస్తే ఆ రోజుకి అందుతుందో లేదో, అందినా అది చేనేతో కాదో అన్న దిగులు మీకు తప్పదు. కుదిరితే అమ్మగారినే తీసుకుని ఒక చేనేత షాపుకి వెళ్లండి. ఆప్కో గానీ టెస్కో గానీ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. నిజాం బోర్డర్ ఎలా ఉంటుందో చేత్తో తడిమి చూసి, ఆవిడకి నచ్చిన పచ్చ ఆవిడనే ఎంచుకోనివ్వండి. వంగపండు చీరని దాని కవర్‌లోనే పెట్టి, వచ్చిన తేదీ ఒక కాగితం మీద రాసి అందులోనే ఉంచండి. తీసుకెళ్లడానికి ఎవరొచ్చినా ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫొటో తీసుకుని ఇవ్వండి.